లీటరుకు ఎన్ని చేపలు?

కానాగంత చేప శాస్త్రీయ నామంలో సగం తెలుగే: రాస్ట్రెల్లిజర్ కానాగుర్తా. 1780లలో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు రేవుకొచ్చిన చేపలకు బొమ్మలు గీయించి, జాలర్లు దేన్ని ఏమని పిలిస్తే అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1803లో అది రెండు వందల చేపల పుస్తకంగా అచ్చయింది. ఫ్రాన్సులో కువియే అనే మహాపండితుడు ఆ పుస్తకం చూసి మన రేవు మాటను శాస్త్రంలోకి ఎక్కించేశాడు. అన్నట్టు, రక్తపింజరికి ఇంగ్లీషు పేరు తెచ్చిపెట్టిన రస్సెల్ కూడా ఈయనే.

ఏ చేప ఎలా ఉంటుందో ఆ పుస్తకంలో ఉంది. సముద్రంలో ఎన్ని ఉన్నాయో లేదు. అడగాలని అప్పట్లో ఎవరికీ తోచి ఉండదు కూడా.

ఏటా జూన్ 14 అర్ధరాత్రితో తూర్పు తీరంలో వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు. ఒకప్పుడు మే నెలాఖరుకే అయిపోయేది, 2015లో పొడిగించారు. ఆలోగా బోట్లకు రంగులు పడతాయి, వలలు అల్లుకుంటారు, గంగమ్మకు మొక్కులు మొక్కుతారు. నిషేధం మంచిదే, నాకు దాని మీద తగాదా లేదు. రోగిని రెండు నెలలు మంచం దిగనివ్వరు, సంతోషం. మరి నాడి ఎలా ఉంది?

నాడి చూసేవాళ్లు లేరని కాదు. 1947లో పుట్టి, ఇప్పుడు కొచ్చి కేంద్రంగా పనిచేస్తున్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖలోనూ ఒక కేంద్రం ఉంది. దేశం మొత్తం మీద చేపలు దిగే రేవులు వెయ్యికి పైగానే. అన్నిటి దగ్గరా రోజూ మనిషిని పెట్టడం అయ్యే పని కాదు. అందుకని ఏ రేవుకు ఏ తేదీన వెళ్లాలో లాటరీలాగా ఎంచుకుంటారు. మొదటి రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఆరు దాకా, మర్నాడు పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం దాకా అక్కడ నిలబడతారు. మధ్యలో రాత్రి ఏం దిగిందో పొద్దున్నే వాకబు చేసి రాసుకుంటారు. తక్కువ బోట్లొస్తే అన్నిటి లెక్కా, ఎక్కువొస్తే కొన్నిటి లెక్కా. దాంట్లోంచి నెల లెక్క, జిల్లా లెక్క, దేశం లెక్క తీస్తారు. 2023లో 35.3 లక్షల టన్నులు, 2024లో 34.7 లక్షల టన్నులు అని మనం పేపర్లో చదివే అంకెలు అలా పుట్టినవే. నన్నడిగితే ఎన్నికల సర్వేలకన్నా వీటినే ఎక్కువ నమ్ముతాను.

ఒకసారి విశాఖ హార్బర్లో పొద్దున్న ఆరు దాటాక ఆ పని చూశాను. వేలంపాట జోరుగా సాగుతోంది. ఒక కుర్రాడు కానాగంతల బుట్ట దగ్గర కూర్చుని, ఒక్కొక్క చేపనీ స్కేలు బిగించిన చెక్క మీద పడుకోబెట్టి మూతి నుంచి తోక దాకా మిల్లీమీటర్లలో కొలుస్తున్నాడు. బుట్ట పాడుకున్నావిడకి ఒళ్లు మండిపోతోంది. "కొలిస్తే పెరిగిపోద్దేటి బాబూ?" అంది.

పెరగదు. కానీ వయసు తెలుస్తుంది. చలి సముద్రాల్లో చేప చెవిలోని చిన్న రాయిని కోస్తే చెట్టు మానులోలాగా ఏడాదికో వలయం కనిపిస్తుంది. మన సముద్రానికి అంత చలికాలం లేదు కాబట్టి ఆ వలయాలు స్పష్టంగా పడవు. అందుకే నెలనెలా వందల చేపల పొడుగు రాసుకుంటూ పోతారు. ఈ నెల ఎక్కువ చేపలు ఏ పొడుగు దగ్గర గుమిగూడాయి, వచ్చే నెలకి ఆ గుంపు ఎంత ముందుకు జరిగింది అని చూస్తే ఎంత తొందరగా పెరుగుతున్నాయో తెలుస్తుంది. ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే వల్లో పడుతున్నవి ఎన్నో కూడా తేలుతుంది. ఆ చివరిది పెరుగుతూ పోతోందంటే, టన్నులు ఎన్ని దిగుతున్నా కంగారు పడాల్సిందే.

మనం చూసుకు మురిసేది మాత్రం టన్నులే. అనంతపురం రైతునడగండి, ఈ లెక్కలో మోసం ఎక్కడుందో చెబుతాడు. ఇరవై ఏళ్ల కిందటా బోరు పైపు నిండా నీళ్లే, నిన్నా నిండా నీళ్లే. కాకపోతే అప్పుడు రెండు వందల అడుగులు, ఇప్పుడు వెయ్యి. విశాఖ మరబోట్లు ఒకప్పుడు పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేవి. ఇప్పుడు ఐసు నింపుకుని పది పదిహేను రోజులు సముద్రంలోనే ఉంటాయి. రేవులో దిగిన గుట్ట అంతే ఉన్నా, ఆ గుట్ట కోసం పోయిన దూరం అంతే లేదు. రేవు లెక్క పైపు నీళ్లు చెబుతుంది, బోరు లోతు చెప్పదు.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చూసింది. 1968లో అక్కడి ఉత్తరపు కాడ్ చేప ఎనిమిది లక్షల టన్నులు పట్టారు. ఎనభైల్లో ఒడ్డు దగ్గర చిన్న పడవల వాళ్లు చేప తగ్గిందనీ, చిన్నదైపోయిందనీ మొత్తుకున్నారు. పెద్ద ట్రాలర్లకు మాత్రం గంటకు పడే చేప తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది? మిగిలిన కాడ్ ఒకచోట గుంపు కట్టింది, ట్రాలరు యంత్రాలు ఆ గుంపునే వెతికి పట్టుకున్నాయి. సర్వే ఓడ తక్కువంది, ట్రాలరు లెక్క ఎక్కువంది. రెంటికీ నడుమ ఒక అంకె పట్టుకున్నారు. ఆ సర్దుబాటు తర్వాత కూడా శాస్త్రవేత్తలు 1989కి 1.25 లక్షల టన్నులు చాలంటే ప్రభుత్వం 2.35 లక్షలకు ఒప్పుకుంది. 1992 జులై 2న వేట మొత్తం ఆపేశారు. ముప్పై వేల మంది పని పోయింది. రెండేళ్లని మొదలుపెట్టిన నిషేధం ఎత్తేసేసరికి 2024 వచ్చింది, అదీ 18 వేల టన్నులతో.

ఆ కథలో నన్ను ఆపేది గంటల లెక్క. వల నీళ్లలో ఉన్న గంటలే కొలిచారు, చేపను వెతుక్కుంటూ తిరిగింది అందులో చేరలేదు. మన దగ్గర ఆ తిరుగుడుకి లెక్క ఇప్పటికే ఉంది. పేరు డీజిల్.

ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకారుల బోట్లకు లీటరుకు తొమ్మిది రూపాయల రాయితీ ఇస్తున్నారు. రాయితీ ఇవ్వాలంటే ఏ బోటు ఎన్ని లీటర్లు పోయించుకుందో రాయాలి. అంటే వెతుకులాటతో సహా సముద్రంలో పడిన శ్రమ చాలావరకు లీటర్లలో ఒక ప్రభుత్వ పుస్తకంలో ఉంది. దిగిన చేప పరిశోధన సంస్థ పుస్తకంలో ఉంది. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, లీటరుకు ఎన్ని కిలోలు పడుతోందో నెలనెలా హార్బర్ గోడ మీద రాయమంటున్నాను. కొత్త ఓడ అక్కర్లేదు, కొత్త శాఖ అక్కర్లేదు. ఆ అంకె ఏటేటా దిగుతుంటే ఏమైందో ఏ సరంగుకీ ఎవరూ వివరించనక్కర్లేదు.

దీంతో అంతా తేలిపోతుందని అననులెండి. ఇంజన్ మారితే డీజిల్ మారుతుంది, కొందరు బయట బంకులోనూ పోయించుకుంటారు. పైగా ప్రతి తగ్గుదలా వేట వల్లే కాదు. కేరళలో నూనె కవళ్లు, వాళ్ల మత్తి, 2012లో నాలుగు లక్షల టన్నుల దాకా పడి 2021కి 3,297 టన్నులకు పడిపోయాయి. మితిమీరి పట్టడం ఒక కారణం, సముద్రం వేడెక్కడం, వానల తీరు మారడం ఇంకో కారణం. ఆ తర్వాత త్వరలోనే మళ్లీ లక్ష టన్నులు దాటాయి. ఈలోగా కేరళ చేసిన మంచి పని, 2015 నుంచే ఏ చేప ఎంత పొడుగు లోపు పట్టకూడదో నియమం పెట్టుకోవడం. మత్తికి పది సెంటీమీటర్లు. ఆ నియమం కూడా ఆ కుర్రాడి చెక్కలాంటి చెక్క మీద పుట్టిందే.

2022లో పరిశీలించిన 135 చేపల నిల్వల్లో 91 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని ఆ మత్స్య పరిశోధన సంస్థే చెప్పింది. ఈ మాట హార్బర్లో అంటే నవ్వుతారు. ఎవరు తప్పని నన్నడిగితే ఇద్దరూ కాదంటాను. వాళ్లు నిల్వ గురించి మాట్లాడుతున్నారు, వీళ్లు ఒక ట్రిప్పుకి మిగిలే డబ్బు గురించి. ఇద్దరినీ ఒక గోడ ముందు నిలబెట్టే అంకె ఇంకా రాలేదు, అంతే.

పులస తగ్గిందంటే గోదావరి జిల్లాలు కన్నీళ్లు పెట్టుకుంటాయి. పుస్తెలమ్మి తినే చేప కదా, దానికి ఏడ్చేవాళ్లకు కొదవ లేదు. కానాగంత కోసం ఎవరూ పుస్తెలు అమ్మరు. కూలి చేసుకునే ఇంట్లో వారానికి రెండుసార్లు ఉడికే చేప అది. తగ్గినా వార్త కాదు.

పద్నాలుగో తేదీ రాత్రి హార్బర్ బంకు దగ్గర బోట్ల వరస పెద్దదే ఉంటుంది. కొత్త సీజను లెక్కలో మొదటి లీటర్లు ఆ రాయితీ పుస్తకంలో పడేది అప్పుడే.