మాట వచ్చిన దారి

ఒకనాడు మదనపల్లెలో ఏ ఇంటి ముందైనా తంతి జవాను సైకిలు ఆగిందంటే, కాగితం విప్పక మునుపే లోపల ఏడుపు మొదలయ్యేదని మన పెద్దలు చెబుతారు. అందులో ఉన్నది ఉద్యోగపు పిలుపే కావచ్చు. అయినా మాటకంటె ముందు మాట వచ్చిన దారి మనసును పట్టుకొనేది. 2013 జూలైలో తంతి సేవ నిలిచిపోయింది గాని, ఆ స్వభావం మనలను విడువలేదు.

నేటి దారి వాట్సాప్. మేనమామ పంపినాడు కనుక నిజమనుకొంటాము. మేనమామకు ఎవరు పంపినారో అడుగము. మనిషి మీది నమ్మకాన్ని కబురుకు అరువిస్తున్నాము. గొంతు రికార్డయితే మరీ ప్రమాదం. మా ఇళ్లలో చదువురాని తల్లులు అచ్చుకాగితాన్ని శంకిస్తారేమో గాని, దక్కనీలో వణుకుతూ పలికే గొంతును శంకించరు. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం వంటి చోట వదంతికి భాష కూడా అడ్డు కాదు.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు తెలుగు రాష్ట్రాలలోను, తమిళనాడులోను వ్యాపించింది. తిరువణ్ణామలై జిల్లాలో గుడికి కారులో వెళుతూ, దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన ఒక వృద్ధురాలిని జనం కొట్టి చంపినారు. ఆ పుకారును ముందుకు పంపినవారిలో ఎందరు అందులో తమ చేయి కూడా ఉన్నదనుకొని ఉంటారు?

ఆ జూలైలోనే, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ సంస్థ కట్టడి చేయనున్నట్లు తెలిపింది. 2020 ఏప్రిల్‌లో, పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పరిమితం చేసింది; అటువంటి సందేశాల వ్యాప్తి 70 శాతం తగ్గిందని తానే ప్రకటించింది. దారి ఇరుకైతే నడక మారుతుందన్నమాట. అయితే గద్వాల ప్రాంతంలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి 2018లో ఎన్నుకొన్న మార్గమే మాకు ఎక్కువ నచ్చింది. ఆమె డప్పును, జానపద కళాకారులను పల్లెలకు పంపినారు. ఎదుట నిలిచినవానిని “నీవెక్కడ విన్నావు?” అని అడుగవచ్చును గదా! హదీసు పండితులు మాటతో పాటు దానిని చెప్పినవారి పేర్ల వరుసను పరిశీలించినది కూడా ఇందుకే.

మన కళాశాలలోనూ, లేని సెలవును నమ్మి పుంగనూరు బస్సు ఎక్కక పాఠాలు పోగొట్టుకొన్న విద్యార్థినులు మాకు తెలుసు. కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. పరీక్షలు, ఫీజు గడువు, సెలవుల కబుర్లు తరగతి గ్రూపులలో సంతకమున్న నోటీసుగా, తెలుగు ఉర్దూ రెండింటిలోను రావలెను. అడిగినవారికి జవాబు చెప్పే ఒక అధ్యాపకుని పేరు దాని క్రింద ఉండవలెను.