పారిపోయిన యోసేపు పిరికివాడా?



శోధన ఎదురైతే పారిపోయేవాడిది బలహీన విశ్వాసమని, నిలబడి పోరాడేవాడే నిజమైన క్రైస్తవుడని మీ పత్రిక గత సంచికలో వ్యాసకర్త రాశారు. ఈ మాట నేను ఒప్పుకోలేను. అపవాదిని ఎదిరించమని యాకోబు పత్రిక (4:7) చెప్పిన మాట నిజమే. కానీ కొరింథీయులకు జారత్వం గురించీ విగ్రహారాధన గురించీ, తిమోతికి ధనాశ గురించీ యౌవనేచ్ఛల గురించీ రాసినప్పుడు పౌలు ప్రతిసారీ పారిపొమ్మనే చెప్పాడు.

యోసేపునే చూడండి. యజమాని పోతీఫరు భార్య రోజూ పిలుస్తున్నా కారణం చెప్పి మరీ కాదన్నాడు. చివరికి ఆమె పట్టుకున్నప్పుడు మాత్రం వాదనకు దిగలేదు, వస్త్రం వదిలేసి బయటికి పరుగెత్తాడు. ఆ వస్త్రాన్నే సాక్ష్యంగా చూపి ఆమె అతన్ని చెరసాలకు పంపించింది. అంత నష్టానికి సిద్ధపడ్డవాడిని పిరికివాడని ఎలా అంటాం? నిలబడి పోరాడే ధైర్యం ఒక్కటే చాలదు: గొల్యాతు ముందు నిలిచిన దావీదే మిద్దె మీద నుంచి ఒక స్త్రీని చూసిన చూపును తిప్పుకోలేకపోయాడు.

వ్యాసకర్త అసలు ముట్టుకోని విషయం ఇంకొకటుంది. రెండో తిమోతి 2:22 పారిపోవడంతో ఆగదు. నీతిని, విశ్వాసాన్ని, ప్రేమను, సమాధానాన్ని వెంటాడమంటుంది. అదీ ఒంటరిగా కాదు, పవిత్ర హృదయంతో ప్రార్థన చేసేవారితో కలిసి. మన సంఘాల్లో యువకులకు ఫోను వద్దు, ఫలానా స్నేహం వద్దు అని చెబుతాం. మరి అలా ఖాళీ అయిన సాయంత్రాల్లో వాళ్ల పక్కన కూర్చునేదెవరు? తన శోధనను భయపడకుండా చెప్పుకోగలిగిన పెద్ద ఒకరు ప్రతి యువకుడికీ ఉండాలి. దాని గురించి కూడా మీ పత్రికలో రాయించండి.

- ఒక పాఠకుడు, గుంటూరు