ఉప్పాడ ఇసుకపై మా మోటారు సైకిళ్ళు

గత శీతకాలమున ఒక ఆదివారము మా కుటుంబము, మా మిత్రుల కుటుంబము కలిసి కాకినాడ నుండి ఉప్పాడకు మోటారు సైకిళ్ళపై వెళ్ళివచ్చాము. ఆరు బండ్లు, పదకొండు మంది మనుషులు. వాటిలో రెండు మాత్రమే ఈ మధ్య యువకులు ఎంతో మక్కువ పడుతున్న డర్ట్ బైకులు. అనగా ఎత్తైన మడ్‌గార్డు, గాళ్ళు తేలిన టైర్లు కలిగి మట్టిలోను ఇసుకలోను పోగలిగినవి. తక్కినవి మనమందరము రోజూ కళాశాలకు తెచ్చే సాధారణమైన బండ్లే. మా ఖాలాజాన్ తన స్కూటరుపై వచ్చారు. ఈ సంగతి తెలిసిన పిదప మాకు రెండు వైపుల నుండి మందలింపులు వచ్చినవి. అందులో ఒకటి అన్యాయమని, రెండవది న్యాయమని మా అభిప్రాయము. అది చెప్పుటకే ఈ వ్యాసము.

మొదటి మందలింపు బంధువులలో కొందరు పెద్దలది. ఆడపిల్లలు ఇసుకలో బండి తోలడమేమిటని వారి ప్రశ్న. తమ్ముడు పడిపోతే నవ్వినవారు చెల్లెలు పడిపోతే ఎందుకు కోపగించవలెనో మాకు బోధపడలేదు. ఆనాడు మా ఇంట అందరికంటే చక్కగా నడిపినది మా అక్కయ్యే. ఇసుకలో బండి నడపడానికి బలము కంటే ఓపిక ముఖ్యము. ఫుట్‌రెస్టులపై నిలబడి, హ్యాండిలును గట్టిగా బిగపట్టక, ముందు బ్రేకు జోలికి పోక, యాక్సిలరేటరును ఒకే తీరున ఉంచవలెను. భయపడి హఠాత్తుగా ఆపితే ముందు చక్రము కూరుకొనిపోతుంది. ఈ మాట అక్కయ్య ఒక్కసారికే గ్రహించినది. మగపిల్లలు నాలుగుసార్లు పడిన మీదట గ్రహించారు. తెచ్చుకొన్న పులిహోర, కీమా సమోసాలు రోడ్డు పక్కన కూర్చుండి తింటూ రెండు ఇండ్లవారు నవ్వుకొన్న నవ్వు ఈ మధ్యకాలమున మేము ఎరుగము. పరీక్షల భయము, ఉద్యోగాల బెంగ ఉన్న ఇండ్లకు ఇట్టి ఒక దినము అవసరమే. దానిని తప్పు అనేవారితో మేము ఏకీభవించలేము.

రెండవ మందలింపు ఒక మత్స్యకార వృద్ధునిది. వలను బాగు చేసుకొంటూ కూర్చున్న ఆయన మా బండ్లను చాలాసేపు చూచి, మా అబ్బాజాన్‌ను పిలిచి, “బాబూ, మీరు తిరుగుతున్నది ఖాళీ జాగా కాదండీ. మా చిన్నప్పటి వీధి అదిగో, ఆ అలల అవతల ఉండేది. ఇప్పుడు మాకు మిగిలింది ఈ కాస్తే” అన్నాడు. కోపము లేదు, కేకలు లేవు. అందువల్లనే మాకు సిగ్గు వేసినది.

ఆయన మాటలో అతిశయోక్తి ఏమియు లేదు. ఉప్పాడ, సూరాడపేట, మాయాపట్నం ప్రాంతములలో సముద్రము ఎన్నో ఏండ్లుగా భూమిని కోసుకొంటున్నది. ఇండ్లు, గుడులు, వీధులు నీటి పాలైనవి. 2020 నవంబరులో నివర్ తుపాను పిదప ఒడ్డున బంగారపు రేణువులు దొరుకుతున్నవని జనము ఇసుకను జల్లెడ పట్టిన వార్త పత్రికలలో మనము చదివినదే. అది మునిగిన ఇండ్ల బంగారమని అక్కడివారి నమ్మిక. దానిని వేడుక వార్తగా చదివి నవ్వుకొన్నవారిలో మేమూ ఉన్నాము.

కారణములు ఒకటి రెండు కావు. మన తూర్పు తీరమున ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగము దక్షిణము నుండి ఉత్తరమునకు అలల వెంట నడుస్తుంది. గోదావరి తెచ్చే ఒండ్రు, ఇసుక ఎగువన ఆనకట్టల వెనుక ఆగిపోతున్నవి. మిగిలిన దానిలో చాలా భాగము నదీ ముఖమునకు ఉత్తరాన పొడుగ్గా పెరిగిన హోప్ ఐలాండ్ దిబ్బలో చేరుతున్నది. ఆ దిబ్బ కాకినాడ రేవుకు అలల నుండి రక్ష; కాని ఆ రక్షణ దాటి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు అలల బలమంతా తగులుతున్నది. రేవు కట్టడములు సైతము ఇసుక నడకను మార్చినవని నిపుణులు అంటారు. పోయిన ఇసుకకు బదులు ఇసుక రావడము లేదు. గట్టుగా పేర్చిన ఇసుక సంచుల గొట్టములను అలలు చీల్చినవి. బండరాళ్ళు పోసిన బీచి రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా తెగుతున్నది.

ఇట్టి చోట మన బండి చక్రము చేసే హాని ఎంత అని అడుగవచ్చు. సముద్రము చేసే దానితో పోలిస్తే స్వల్పమే. అయితే ఒడ్డున ఊదారంగు పూలు పూసి ఇసుకపై పాకే తీగ ఒకటి కలదు. ఇసుకను పట్టి ఉంచేది దాని వేళ్ళే. గాళ్ళ టైరు దానిని ఒక్క మలుపులో పెరికి వేస్తుంది. మా బండ్లు పెరికినవి కూడాను. చలికాలము వెళ్ళే వేళకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి, అడుగున్నర లోతు గుంట తీసి, వందకు పైగా గుడ్లు పెట్టి పోతాయి. వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ఏనుగుకు, పులికి ఇచ్చిన రక్షణనే ఇచ్చినది. సుమారు 50 దినముల పిదప పొదిగి బయటికి వచ్చే పిల్లకు, మన టైరు గాడి దాటరాని కందకము. అమెరికాలోని డేటోనా బీచిలో కార్లు నడుపుట పెద్ద ముచ్చట. అక్కడ సైతము తాబేళ్ళ కాలమున రాత్రిపూట వాహనములను రానీయరు. కేరళలోని ముళప్పిలంగాడు బీచిలో నాలుగు కిలోమీటర్ల మేర బండ్లు పోనిస్తారు గదా అని మా మిత్రుడు వాదించాడు. అది గట్టి ఇసుక గల విశాలమైన తీరము. మన ఉప్పాడలో అలకు, రాళ్ళకు నడుమ మిగిలిన జాగాలోనే ఆడవారు చేపలు ఎండబెట్టుకోవలెను, మగవారు నావలను లాగవలెను. అందులో మనము వినోదమునకై దారి అడగడము సబబు కాదు.

మరొక్క మాట కూడా ఒప్పుకొనవలెను. ఆ రోజు మా పదిహేనేండ్ల తమ్ముడికి సైతము బండి ఇచ్చాము. ఇసుకే గదా, ఏమవుతుందిలే అనుకొన్నాము. ఇసుక నుండి రోడ్డు ఎక్కునప్పుడు వాడు లారీకి ఎదురు వెళ్ళబోయి తృటిలో తప్పించుకొన్నాడు. 2019 సవరణ ప్రకారము పిల్లవాని చేతికి బండి ఇచ్చిన తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల దాకా జైలు ఉండవచ్చునని మాకు తరువాత తెలిసినది. తెలిసి ఉంటే ఇచ్చేవారము కాము అని చెప్పలేము. ఎందుకనగా ఆనాడు అందరమూ సంతోషములో ఉన్నాము.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఇది. విద్యార్థులకు ఈ సరదా వద్దని నోటీసు బోర్డుపై నిషేధము అంటించవద్దు. అంటించినా ఎవరూ పాటించరు. మన ఆటస్థలము వెనుక మట్టి మైదానము ఏడాదిలో పది నెలలు ఖాళీగా ఉంటున్నది. నెలకు ఒక ఆదివారము ఉదయము అక్కడ ట్రాక్ గీయించి, హెల్మెట్, లైసెన్సు ఉన్నవారికి, ఆడపిల్లలకు కూడా, నడపడము నేర్పించే ఏర్పాటు చేయండి. తలిదండ్రులను పిలవండి. సమోసాలు మేము తెస్తాము.

ఉప్పాడకు మేము మరల వెళ్ళాము. ఈసారి బండ్లను రోడ్డు పక్కన నిలిపి, నడచి వెళ్ళాము. ఖాలాజాన్ మగ్గాల వీధిలో జామ్దానీ చీర బేరమాడుతూ ఆ మాట ఫారసీ నుండి వచ్చినదని నేతగానికి చెప్పారు. మా ముత్తాతల నాటి నుండి ఈ పేరే అని ఆయన జవాబు. తిరిగి వచ్చేటప్పుడు ఆ వృద్ధుని కోసము వెదికాము. ఆయన వేటకు పోయి ఉన్నాడు.