అడవికి పంపి చేతులు దులుపుకున్నాం

1992 జూన్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెంట్ డాక్టర్ల పని గురించి ఒక ఉత్తర్వు ఇచ్చింది. మామూలుగా ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ వేయకూడదు, వారానికి 48 గంటలు, వారంలో ఒక రోజు సెలవు. అప్పుడు మా తరంలో కొందరం పీజీలం, కొందరం హౌస్ సర్జన్లం. ఇవాళ మేమే యూనిట్ చీఫ్‌లం, విభాగాధిపతులం, సూపరింటెండెంట్లం, వైద్యుల సంఘాల్లో పదవులున్నవాళ్లం. డ్యూటీ చార్టు కింద పడే సంతకం మాదే. ముప్పై ఏళ్లు గడిచాయి. ఆ 48 గంటల మాట మా వార్డుల గుమ్మం దాటి లోపలికి రాలేదు. రానివ్వకుండా గుమ్మంలో అడ్డం నిలబడింది మేమే. జూనియర్లు అలసి కూలబడుతున్నారని లోకమంతా అనడం మొదలుపెట్టాక, వాళ్లను బస్సెక్కించి అడవిలో నడిపించుకొచ్చాం.

ఆ నడకల గురించి రాయాలి. వాటిని ఏర్పాటు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఆర్.జి.కర్ ఆసుపత్రిలో, సుదీర్ఘమైన డ్యూటీలో కాస్త నడుం వాల్చిన ఒక పీజీ వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. దేశమంతటా డాక్టర్లు రోడ్డెక్కారు. సుప్రీంకోర్టు ఆ కేసును తనంతట తానే విచారణకు తీసుకుని, 36 గంటల డ్యూటీలు అమానుషమంది. జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. హైదరాబాద్ నుంచి డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి అందులో సభ్యులు. ఆ రోజుల్లోనే జాతీయ వైద్య కమిషన్ నియమించిన మరో బృందం వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద తన నివేదికను బయటపెట్టింది. సర్వేకు జవాబిచ్చిన పీజీల్లో 31 శాతం మంది తమకు చనిపోవాలన్న ఆలోచనలు వచ్చాయని చెప్పారు. వారానికి 74 గంటలు దాటొద్దని ఆ బృందం సూచించింది. 1992లో 48 అన్నది 2024కు వచ్చేసరికి 74 అయింది. ఆ 74 కూడా మా చార్టుల దరిదాపుల్లో లేదు.

అప్పుడు మా సంఘం సమావేశమైంది. ఎవరో ఒక ప్రతిపాదన తెచ్చారు. యూనిట్ కొత్త రోగులను చేర్చుకునే అడ్మిషన్ డే రాత్రంతా మేలుకున్న పీజీని మర్నాడు పొద్దున రౌండ్స్ కాగానే ఇంటికి పంపేద్దాం, ఆ రోజు ఓపీ మేం చూసుకుందాం అని. చిన్న మాటే. గదిలో ఎవరూ పలకలేదు. ఓపీలో వందల మంది ఉంటారనీ, ఖాళీ పోస్టులు నింపకుండా ఏం చేయగలమనీ ఒకరిద్దరు అన్నారు. ఆ విషయం అక్కడితో ఆగింది. తర్వాత మరొకరు, పిల్లలకు మనసు తేలికపడేలా నేచర్ వాక్‌లు పెడదామన్నారు. క్షణాల్లో అందరం ఒప్పుకున్నాం. ఖర్చు ఎంతవుతుందో, బస్సు ఎవరిస్తారో, టీషర్ట్ రంగేమిటో అన్నీ ఆ కూర్చున్న కూర్చునే తేలిపోయాయి. మొదటి ప్రతిపాదన మా సమయాన్ని అడిగింది. రెండోది వాళ్ల ఆదివారాన్ని అడిగింది.

అడవి నడక మీద నాకు అపనమ్మకం లేదు. జపాన్ అటవీ శాఖ 1982లోనే అడవిలో నెమ్మదిగా గడపడాన్ని ఆరోగ్య అలవాటుగా ప్రచారం చేసింది. అక్కడి వైద్యులు దాని మీద ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. 1984లో రోజర్ ఉల్రిచ్ ఒక అమెరికన్ ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న రోగులను పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన మంచాల్లో ఉన్నవాళ్లు, ఇటుక గోడ కనిపించిన మంచాల్లోవాళ్ల కంటే త్వరగా ఇంటికెళ్లారు. బలమైన నొప్పి మందులు కూడా తక్కువే అడిగారు. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 90 నిమిషాలు చెట్ల మధ్య నడిచినవాళ్లనూ, రద్దీ రోడ్డు పక్కన నడిచినవాళ్లనూ పరీక్షిస్తే, చెట్ల మధ్య నడిచినవాళ్లలో ఒకే బాధను మళ్లీ మళ్లీ తలపోసుకునే తీరు తగ్గింది. పేషెంట్ చనిపోయిన రాత్రిని నెలల తరబడి నెమరేసుకునే ఒక హౌస్ సర్జన్‌కు ఆ 90 నిమిషాలు ఎంత విలువైనవో నాకు తెలుసు. ఆ విలువ తెలిసీ ఆ నడకను ఏం చేశామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టలకు వెళ్లేవాళ్లం. మూసీ పుట్టేది అక్కడే. టేకు, మోదుగ, తునికి చెట్ల మధ్య కాలిబాటలున్నాయి. ఆ దారులు తెలిసిన స్థానికుడు ఒకాయన ముందు నడిచేవారు. ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించేవారు. మాట్లాడకుండా, గంటకు కిలోమీటరు మించకుండా నడవమనేవారు. కొంతదూరం పోయాక ఎవరికి వాళ్లు ఒక చెట్టు చూసుకుని కాసేపు కూర్చోవాలి. ఆయన చెప్పినట్టు చేసి ఉంటే అది నిజమైన విశ్రాంతి అయ్యేది. మేం చేయనివ్వలేదు. దారి మధ్యలో ఆపి, ఒత్తిడిని తట్టుకునే శక్తి ఎలా పెంచుకోవాలో ప్రసంగాలిచ్చాం. ఒక మందుల కంపెనీ బ్యానర్ రెండు టేకు చెట్లకు కట్టించాం. ఫొటోల కోసం వరసగా నిలబెట్టాం. ఏ యూనిట్ పీజీలు ఆ యూనిట్ చీఫ్ వెంటే నడిచారు. తన థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన మనిషి పక్కన నడుస్తుంటే ఎవరి గుండె తేలికపడుతుంది? అది మాకు తట్టనేలేదు. సోమవారం అడ్మిషన్ డే ఉన్నవాళ్లను కూడా రమ్మన్నాం. రానివాళ్ల పేర్లు రాసుకున్నాం.

ఒకసారి ఒక అమ్మాయి, గైనకాలజీ పీజీ, చెట్టుకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఆకులు మీద పడుతున్నా కదల్లేదు. దారి చూపే ఆయన వేలు పెదవుల మీద పెట్టి అందరినీ దూరంగా తీసుకెళ్లారు. మిగతావాళ్లు నడక ముగించుకుని తిరిగొచ్చేదాకా ఆమె లేవలేదు. లేచాక గాభరాపడి, "సారీ సార్, రాత్రి నాలుగు సిజేరియన్లు పడ్డాయి" అంది. ఎందుకు పడుకున్నావని ఎవరూ అడగలేదు. అడగకుండానే సంజాయిషీ చెప్పే అలవాటు ఆ పిల్లకు మా దగ్గరే అయింది. ఆమెకు ఆ రోజు కావలసింది ఇంట్లో మంచం. మేం నాలుగింటికి లేపి, బస్సెక్కించి, గుట్ట ఎక్కించాం.

ఆ బస్సులో వచ్చిన డాక్టర్లకు అందరికీ తెలిసిన చిన్న లెక్క ఒకటుంది. 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు చూపించారు: 24 గంటలు మేలుకున్న మనిషి చేతి నేర్పు, రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్న మనిషితో సమానంగా పడిపోతుంది. మన మోటారు వాహనాల చట్టం 0.03 శాతం దాటితే బండి నడపనివ్వదు. ఆ పరిమితికి మూడింతల మత్తుతో సమానమైన స్థితిలో ఉన్న పిల్లల చేతికి మేం కత్తీ, సూదీ, ఇన్సులిన్ సీసా ఇస్తున్నాం. పొరపాటు జరిగితే పొద్దున రౌండ్స్‌లో పేషెంట్ల బంధువుల ముందే తిడుతున్నాం.

అనంతగిరి మీద నిజాం కాలపు క్షయ శానిటోరియం ఉంది. నడకకు వెళ్లినప్పుడల్లా దాని పక్కనుంచే పోయేవాళ్లం. దాని ముందు నిలబడి అయినా మాకు బుద్ధి వచ్చి ఉండాల్సింది. మందులు లేని రోజుల్లో క్షయకు వైద్యులు రాసిన చికిత్స కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి, కొలిచి పెంచుకుంటూ పోయే నడక. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. దూర ప్రాంతాల నుంచి జనం అక్కడికి వచ్చేవాళ్లు. చాలామంది ఒళ్లు చేసి, దగ్గు తగ్గి ఇళ్లకు వెళ్లారు. వెళ్లినవాళ్లలో ఎందరో మళ్లీ జబ్బుపడ్డారు. ఎందుకంటే వాళ్లు తిరిగి వెళ్లింది అదే ఇరుకు గదికి, అదే చాలీచాలని తిండికి, అదే పనికి. ఇంగ్లండ్‌లో వారియర్ జోన్స్ అనే వైద్యుడు దీన్ని చూసి ఊరుకోలేదు. 1918లో పాప్‌వర్త్ అనే చోట రోగులు కుటుంబంతో సహా ఉండేందుకు ఇళ్లూ, వాళ్ల శక్తికి తగినంత గంటలే పని ఉండే కార్ఖానాలూ పెట్టాడు. కోలుకున్న మనిషిని పాత పనిలోకి పాత తీరునే తోసేస్తే చికిత్సంతా వృథా అని ఆయన వందేళ్ల కిందటే తెలుసుకున్నాడు. సామాజిక వైద్యం పాఠాల్లో మేం ఇదంతా చెబుతాం. పరీక్షల్లో ప్రశ్నలూ అడుగుతాం. మా పీజీలను మాత్రం ఆదివారం కొండ మీదికి తీసుకెళ్లి, సోమవారం ఏ వార్డు వాళ్లను అలా చేసిందో అదే వార్డులో దించాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను పని వల్ల కలిగే పరిస్థితిగానే వర్గీకరించింది. దాన్ని జబ్బుగా పరిగణించలేదు. అంటే మూలం పనిలో వెతకాలి. 2017లో మాంచెస్టర్ పరిశోధకులు డాక్టర్ల బర్నవుట్ తగ్గించడానికి జరిగిన ప్రయత్నాలన్నిటినీ కూడగట్టి చూశారు. డాక్టర్‌ను మార్చాలని చూసిన ప్రయత్నాలు కొద్దిగా పనిచేశాయి. డ్యూటీ వేళలనూ పనిచేసే తీరునూ మార్చినవి అంతకంటే మెరుగ్గా పనిచేశాయి. ఆ పరిశోధనా వ్యాసాన్ని మాలో చాలామందిమి చదివాం. నేను జర్నల్ క్లబ్‌లో పీజీల చేత చదివించాను కూడా. దాన్ని చదివి వినిపించిన కుర్రాడు ఆ ముందు రాత్రి నిద్రపోలేదని నాకు తెలుసు.

తెలిసీ ఎందుకు చేయలేదు? ఖాళీ పోస్టులు నిజం. రోగుల తాకిడి నిజం. ఒక మంచం మీద ఇద్దరు పడుకునే వార్డులు నిజం. అవేవీ మా చేతుల్లో లేవు. కానీ అడ్మిషన్ మర్నాడు పీజీకి సెలవివ్వడం మా చేతుల్లో ఉంది. రక్తం సంచీ కోసం బ్లడ్ బ్యాంకుకూ, రిపోర్టు కోసం స్కానింగ్‌కూ డాక్టర్‌ను పరిగెత్తించకుండా ఉండడం మా చేతుల్లో ఉంది. ఆడపిల్లలకు లోపల గడియ పడే డ్యూటీ రూమ్, పక్కనే నీళ్లొచ్చే బాత్‌రూమ్ ఇమ్మని సూపరింటెండెంట్ టేబుల్ ముందు కూర్చుని పట్టుబట్టడం మా చేతుల్లో ఉంది. జూనియర్ డాక్టర్లు హాస్టళ్ల కోసం, స్టైపెండ్ కోసం సమ్మె చేసిన ప్రతిసారీ మాలో ఎక్కువమందిమి తలుపులేసుకుని కూర్చున్నాం. కొందరం ఫోన్ చేసి, పరీక్షలు దగ్గరపడుతున్నాయని గుర్తుచేశాం. ఆ మాటలో బెదిరింపు ఉందని మాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు.

మా రోజుల్లో 36 గంటలు నిలబడి చేశాం అని చెప్పుకుంటూ ఉంటాం. నిలబడి చేసిన మాట నిజమే. ఆ 36 గంటల్లో మా చేతుల్లో ఏం జరిగిందో మాత్రం ఎప్పుడూ చెప్పం. మా బ్యాచ్‌లో మధ్యలోనే మానేసినవాళ్ల గురించి, తాగుడుకు అలవాటుపడినవాళ్ల గురించి, హాస్టల్ గదిలో తలుపు వేసుకుని మళ్లీ తీయని మిత్రుడి గురించి చెప్పం. బతికి బయటపడ్డవాళ్లం మాట్లాడుతున్నాం కాబట్టి అది గొప్ప శిక్షణలా వినిపిస్తోంది.

ఇంకా లోపలికి వెళ్లి చెప్పాల్సింది ఒకటుంది. దీన్ని మా సంఘంలో ఎవరూ పైకి అనరు. సాయంత్రం మా క్లినిక్ బోర్డులు వెలిగేది, ఆ వేళ వార్డులో వాళ్లు మేలుకుని ఉన్నందువల్లే. మధ్యాహ్నానికే మేం కారెక్కగలుగుతున్నాం అంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి కేసునూ ఇరవై ఆరేళ్ల పిల్లలు ఒంటరిగా మోస్తున్నందువల్లే. వాళ్ల గంటలు తగ్గించాలంటే మా గంటలు పెరగాలి. డ్యూటీ చార్టు మారకపోవడానికి ప్రభుత్వం కారణమని ఇన్నేళ్లూ చెప్పాం. సగం కారణం మా సంపాదనలో ఉంది. ఆ లెక్క బయటపడకుండా ఉండడానికి అడవి బాగా పనికొచ్చింది. పచ్చని ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. వైద్యుల సంక్షేమానికి పాటుపడుతున్నారని మమ్మల్ని మెచ్చుకున్నారు. మేం ఆ మెప్పు పుచ్చుకున్నాం.

నడకలు ఆపేయమని నేను అనను. ఆపేస్తే పిల్లలకు ఉన్న ఆ కాస్తా పోతుంది. నడకను పని దినంలోనే పెట్టాలి, డ్యూటీ కింద లెక్కించాలి. వాళ్లు అడవిలో ఉన్న పూట వార్డు సీనియర్లు చూసుకోవాలి. చీఫ్‌లు ఆ బస్సెక్కకూడదు. ప్రసంగాలు, బ్యానర్లు, ఫొటోలు ఉండకూడదు. దారి తెలిసిన మనిషి చెప్పినట్టు నడవాలి, నిద్ర వస్తే నిద్రపోనివ్వాలి. ఇష్టం లేనివాళ్లు రానక్కర్లేదు, పేర్లు రాసుకోకూడదు.

నడకల కంటే ముందు జరగాల్సిన పనుల మీద వచ్చే సర్వసభ్య సమావేశానికి ఒక తీర్మానం రాశాను. రాత్రి డ్యూటీ చేసినవాళ్లు మర్నాడు కేసులు రాతపూర్వకంగా అప్పగించి ఉదయం 9 గంటలకల్లా వెళ్లిపోవాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ నుంచి విభాగాధిపతి వరకు వంతులవారీగా రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి. ఫోన్‌లో అందుబాటులో ఉండడం లెక్కలోకి రాదు. ప్రతి పీజీ వారానికి ఎన్ని గంటలు పనిచేశారో మొత్తం వేసి, డ్యూటీ చార్టును అందరూ చూసేలా గోడకు అంటించాలి. బలపరచడానికి ఇద్దరు ఒప్పుకున్నారు. తమ పేర్లు సమావేశం దాకా బయటికి చెప్పొద్దన్నారు. మిగిలినవాళ్లు నన్ను అడుగుతున్నది, రాత్రి వంతు పడిన రోజు సాయంత్రం ప్రాక్టీస్ సంగతేమిటని. నా క్లినిక్ వేళలు సాయంత్రం 6 నుంచి 9:30 వరకు. వాటిని నేనింకా మార్చలేదు.