ముప్పై అయిదు శాతం దగ్గర ఆగిపోయిన ల్యాప్‌టాపు

పోయిన నెల రెండో ఆదివారం పొద్దున నేను ఇంకా కాఫీ తాగతా ఉండగానే లైను ఇండ్ల నుంచి ఒక చెల్లెలు వచ్చింది. చేతుల్లో పాత చీరలో చుట్టిన మూట. పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టే తెచ్చింది. విప్పి చూస్తే ల్యాప్‌టాపు.

"అన్నా, ఇది సచ్చిపోయినాదంట. అంగడాయన చెప్పినాడు. ఫార్మాటు కొడితే లేస్తాది, ఆరు నూర్లవుతాది, లోపల ఉండేదంతా పోతాది అన్నాడు. పోతే పోనీలే అందామనుకుంటే..." అని ఆగిపోయింది.

లోపల ఏముందో నాకు తెలుసు. ఆమె ఇంటాయన నాతోపాటు మిల్లులో పని చేసినవాడే. నేను కరెంటు మెయింటెనెన్సు, ఆయన కార్డింగు. పోయి మూడేండ్లయింది. ఫోన్లు మారినాయి, పగిలినాయి, మెమరీ కార్డు ఎక్కడో పడిపోయింది. ఆయన ఫొటోలు మిగిలింది ఆ ల్యాప్‌టాపులోనే. ఫొటోలు కూడా కాదు, ఒక వీడియో ఉంది. అందరూ కృష్ణగిరి డ్యాముకు పోయినప్పుడు తీసింది, రెండు నిమిషాలది. నీళ్ల దగ్గరికి పోవద్దని బిడ్డలను అరస్తా ఉంటాడు. ఆయన గొంతు ఇంక ఎక్కడా లేదు.

ఆ ల్యాప్‌టాపు పెద్దమ్మాయికి ప్లస్ టూలో గవర్నమెంటు ఇచ్చింది. 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాపు పథకం మన ఇండ్లలో శానా మందికి గుర్తుండే ఉంటుంది. మన లైనుల్లో మొదటిసారి కంప్యూటరు అడుగు పెట్టింది ఆ పథకంతోనే. రెండు జీబీల ర్యాము, లోపల విండోస్ 7 స్టార్టర్. తెర మీది బొమ్మను కూడా మార్చనియ్యని చిన్న రకం విండోస్ అది. ఇంకా ఎన్ని ఇండ్లలో బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయో! ఈ నెల దీని గురించి రాసేది అందుకే.

జరిగింది ఏమంటే, చిన్నమ్మాయి కాలేజీ అప్లికేషను వేయాలని దాన్ని దించింది. సైటు తెరుచుకోలేదు. బ్రౌజరు పాతది, కొత్తది ఎక్కించబోతే విండోస్ పాతదని వద్దంది. సరే, విండోస్‌నే అప్‌డేట్ చేద్దామని నొక్కితే ఎర్రగా ఒక నంబరు వచ్చింది, 80072ఎఫ్8ఎఫ్ అని. పక్క వీధిలో కాలేజీకి పోయే పిల్లోడు వచ్చి చూసి, తేదీ సరిచేసినాడు. అప్పుడు ఇంకో నంబరు, 80072ఈఎఫ్ఈ. వాడు ఊరుకోకుండా పెన్‌డ్రైవులో ఏదో అప్‌డేట్ ఫైలు తెచ్చి ఎక్కించి, రీస్టార్ట్ కొట్టినాడు. తెర మీద ముప్పై అయిదు శాతం అని పడింది. అంతలో కరెంటు పోయింది.

ల్యాప్‌టాపుకు బ్యాటరీ ఉంటుంది కదా అంటారు. ఆ బ్యాటరీ నాలుగేండ్ల కిందనే పనికి రాకుండా పోయింది. చార్జరు పెట్టి ఉంటేనే అది బతికేది. కరెంటుతోపాటే అదీ ఆరిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఆన్ చేసినా ఒకే మాట: అప్‌డేట్ కుదరలేదు, వెనక్కి తీస్తా ఉన్నాను, ఆపవద్దు. అర్ధగంట చూసేది, విసుగొచ్చి బటను పట్టి ఆపేసేది. మళ్లీ ఆన్ చేసేది. అట్లా నాలుగు రోజులు.

మిల్లులో పని చేసినవాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు. రింగ్ ఫ్రేము దగ్గర డాఫింగు సగంలో ఉన్నప్పుడు కరెంటు పోతే ఏమవుతుంది? సగం స్పిండిళ్ల మీద నిండిన బాబిన్లు, సగం మీద ఖాళీ బాబిన్లు. మిషను నడవదు. అయితే పని పూర్తి చేయాల, లేదంటే మళ్లీ ముందటి లెక్కకు తేవాల. విండోస్ చేసేదీ అదే. పాత ఫైళ్లు తీసి కొత్తవి పెడతా ఉన్నప్పుడు ఆరిపోతే, మళ్లీ పాతవాటిని ఒక్కొక్కటిగా వెనక్కి పెడుతుంది. పన్నెండు పదమూడేండ్ల హార్డ్ డిస్కు. పెట్టేదానికంటే తీసేదానికే ఎక్కువ సేపు పడుతుంది. అర్ధగంటకు ఒకసారి మనమే గొంతు పిసుకుతా ఉంటే అదెప్పుడు ముగించాల?

కానీ నేను ముందుగా దాన్ని ఆన్ చేసి కూర్చోలేదు. మొదట చేసింది ఫొటోలు బయటికి తీసేది. ఇది మాత్రం గట్టిగా చెప్తాను. మిషను బాగుపడుతుందో లేదో తర్వాత సంగతి, లోపల ఉండేదాన్ని ముందు బయట పెట్టుకోండి. విండోస్ లేవకపోతే ఫైళ్లు పోయినట్టు కాదు. ఇంటి తాళం చెవి విరిగితే లోపల ఉండే బిందెలు మాయం కావు కదా.

ఆ ఉచిత ల్యాప్‌టాపుల్లో రెండో వాకిలి ఒకటి ఉంది, ఎక్కువ మంది ఎప్పుడూ తెరవనిది. విండోస్ పక్కనే బాస్ అని ఇంకో సిస్టము పెట్టి ఇచ్చినారు. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అని దాని పూర్తి పేరు. సీ-డ్యాక్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారు చేసిన లినక్స్ అది. ఆన్ చేయగానే కొన్ని సెకన్లు నల్ల తెర మీద పేర్ల వరస వస్తుంది. ఊరికే ఉంటే విండోస్‌కు పోతుంది, బాణం గుర్తుతో కిందికి దిగితే బాస్‌కు పోవచ్చు. దిగినాను. పాస్‌వర్డ్ అడిగింది. పెద్దమ్మాయికి ఫోన్ చేస్తే, "మామా, కంప్యూటరు సైన్సు నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను చూడు" అన్నది. వాళ్లమ్మ ఆ నోటుబుక్కులు పాత పేపర్లకు వేయకుండా దాచి పెట్టింది, మన అదృష్టం.

లోపలికి పోయినాక విండోస్ డిస్కు కూడా అందులోనే కనిపించింది. పిక్చర్స్, వీడియోస్, డెస్క్‌టాప్ మూడూ పెన్‌డ్రైవుకు కాపీ కొట్టినాను. డ్యాము వీడియో తెరిచి, ఆడుతుందో లేదో చూద్దామని నొక్కినాను. గొంతు వచ్చింది. ఆ చెల్లెలు వాకిట్లోకి పోయి నిలబడింది. నేనూ కాసేపు వేరే పని చూసుకున్నాను.

మీ ల్యాప్‌టాపులో బాస్ లేకపోతే? ఉబుంటు లాంటి లినక్స్‌ను ఇంకో మంచి కంప్యూటరులో పెన్‌డ్రైవుకు ఎక్కించి, దాంతోనే ఆన్ చేయొచ్చు. అప్పుడు ట్రై అనే మాటే నొక్కండి, ఇన్‌స్టాల్ అనేది నొక్కితే ఉండేది ఊడ్చుకుపోతుంది, జాగ్రత్త. అదీ చేతకాదనుకుంటే హార్డ్ డిస్కు విప్పి యూఎస్‌బీ పెట్టెలో వేసి ఇంకో కంప్యూటరుకు తగిలించే వాళ్లు ఉంటారు. అంగట్లో "ఫార్మాటు" అన్నప్పుడు "ముందు డేటా తీసివ్వండి" అని అడిగితే శానా మంది తీసిస్తారు. అడగనిదే చెప్పరు, అంతే.

సాయంత్రం దాన్ని మా ఇంట్లో యూపీఎస్‌కు తగిలించి విండోస్‌నే ఆన్ చేసినాను. వెనక్కి తీస్తా ఉన్నాను అని మళ్లీ అదే పాట. తీసుకో నాయనా అని వదిలేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే పేరు అడిగే తెర వచ్చి ఉంది. ఆరు నూర్ల పని ఇది! అట్లా కూడా రాకపోతే ఆన్ చేసేటప్పుడు ఎఫ్8 కొడతా ఉండాల. సేఫ్ మోడ్ వస్తుంది, రిపేర్ యువర్ కంప్యూటర్ అని వస్తుంది. అందులో సిస్టమ్ రిస్టోర్‌కు పోయి అప్‌డేట్‌కు ముందటి తేదీకి తిప్పొచ్చు.

ఇంక ఆ నంబర్ల సంగతి. మొదటి నంబరు, 80072ఎఫ్8ఎఫ్, ముక్కాలు వంతు తేదీ జబ్బే. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, ఆరిపోయినా గడియారం నడిపేది అదే. అది అయిపోతే ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటరు ఏ 2012లోకో పోతుంది. అప్‌డేట్ ఇచ్చే సర్వరు చూపించే సర్టిఫికెట్టు దానికి ఇంకా పుట్టనిదానిలాగా కనిపిస్తుంది. నమ్మదు, ఎర్ర నంబరు చూపిస్తుంది. బ్యాంకు సైటూ అంతే, ఏ సైటు చూసినా భద్రం కాదంటుంది. తేదీ సరిచేస్తే అప్పటికి సరి. ఆపితే మళ్లీ మొదటికే. బ్యాటరీ మార్చాల. సీఆర్2032 అని అడగండి, గడియారాల అంగట్లో కూడా దొరుకుతుంది. ల్యాప్‌టాపుల్లో దానికి తీగ అతికించి ఉంటుంది కాబట్టి, విప్పే చేయి తెలిసినదై ఉండాల.

రెండోది, 80072ఈఎఫ్ఈ. ఇది కొన్నిసార్లు నెట్టు బాగలేకున్నా వస్తుంది. పాత విండోస్ 7 మీద మాత్రం ఎక్కువగా వేరే కథ. అప్‌డేట్ ఫైలు అసలైనదే అని తెలియడానికి కంపెనీ దాని మీద ఒక సంతకం లాంటిది వేస్తుంది. పాత రకం సంతకం షా-1, దొంగ సంతకం పెట్టే దారి బయట పడినాక షా-2కు మారినారు. 2019 నడుమ నుంచి విండోస్ 7కు వచ్చినవన్నీ కొత్త సంతకంతోనే. మన ల్యాప్‌టాపు 2016 నుంచి బీరువా మీద ఉంది. కొత్త సంతకం చదివేది దానికి నేర్పిన వాళ్లు లేరు. ఆ నేర్పే పాఠం ముందు ఎక్కితేనే మిగతావి ఎక్కుతాయి.

కాబట్టి వరస తప్పకూడదు. కంప్యూటర్ అనే బొమ్మ మీద కుడి బటను నొక్కి ప్రాపర్టీస్‌లో సర్వీస్ ప్యాక్ 1 అని ఉందా చూడండి, లేకపోతే అది ముందు. ఆ తర్వాత కేబీ 4490628, రీస్టార్ట్. తర్వాత కేబీ 4474419, రీస్టార్ట్. చివర కేబీ 4534310. ఇది 2020 జనవరిది, దానికి ముందటి భద్రత మరమ్మతులు ఎక్కువ భాగం కలిపి కట్టిన మూట. అన్నీ మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ సైటులో ఊరికే దొరుకుతాయి. వేరే సైటులో తీయవద్దు. 32 బిట్ట, 64 బిట్ట చూసుకొని తీయాల, స్టార్టర్ అయితే 32 బిట్టే. సీ డ్రైవులో పది జీబీలన్నా ఖాళీ ఉంచండి. పాత సినిమాలు తీసేయండి. అప్పటికీ మొండికేస్తే, సర్వీసుల్లో విండోస్ అప్‌డేట్‌ను ఆపి, విండోస్ ఫోల్డరులో ఉండే సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డరు పేరు మార్చి, మళ్లీ స్టార్ట్ చేస్తే సగం సగం దిగిన ఫైళ్ల బెడద పోతుంది. మీ ఫొటోలకు దాంతో సంబంధం లేదు.

పిల్లోడు చేసిన తప్పు ఇంత పెద్దదేమీ కాదు. చివర ఎక్కాల్సిందాన్ని ముందు ఎక్కించినాడు, కరెంటును నమ్మినాడు. వాడిని తిట్టవద్దని ఆ చెల్లెలికి చెప్పినాను.

ఇంత కష్టం ఎందుకు, అప్‌డేట్ లేకుంటే ఏమి అని అడిగేవాళ్లు ఉన్నారు. 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా కంప్యూటర్లలోకి దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన పక్క చిత్తూరు జిల్లాతో సహా ఆంధ్రలో పోలీసుల కంప్యూటర్లే కొన్ని దానికి చిక్కినాయి. దానికి మందు మార్చి 14నే వచ్చింది, రెండు నెలల ముందే. వేసుకున్నవాళ్లు తప్పించుకున్నారు. ఈ ల్యాప్‌టాపులో ఆ మందు కూడా లేకుండా ఉండె.

అట్లని అన్నీ ఎక్కించినాక కొత్తదైపోయిందని అనుకోవద్దు. విండోస్ 7కు 2020 జనవరి 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయినాయి. క్రోమ్ 109తో ఆగింది. కాబట్టి చిన్నమ్మాయికి చెప్పినాను: టైపింగు నేర్చుకో, లెక్కలు రాసుకో, అమ్మ కుట్టు పని బిల్లులు వేయి. అప్లికేషను, బ్యాంకు, పీఎఫ్ మాత్రం ఇందులో వద్దు. అప్లికేషను చివరికి ఇస్కూల్లో టీచరమ్మ దగ్గర కూర్చుని వేసింది, గడువుకు రెండు రోజుల ముందు.

పీఎఫ్ అంటే గుర్తొచ్చింది. మనం క్లెయిము వేయడానికి జిరాక్సు అంగడికి పోయి యూఏఎన్, పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ చెప్పేస్తాం. అక్కడి కంప్యూటరు ఏ కాలందో ఒకసారి చూసినారా? విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14న మామూలు గడువు ముగిసింది. ఇంకో ఏడాదికి భద్రత అప్‌డేట్లు కావాలంటే విడిగా పేరు నమోదు చేసుకోవాల. అంగడాయన చేసుకున్నాడా అని అడగడానికి మొహమాట పడవద్దు. మీ డబ్బు అది. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని తెర అడిగితే వద్దు అనే మాటే మీ వేలితో మీరే నొక్కండి.

ఆ వీడియోను రెండు పెన్‌డ్రైవుల్లో వేసినాను. ఒకటి ఆ చెల్లెలి బీరువాలో ఉంది, ఇంకోటి కావేరిపట్నంలో పెద్దమ్మాయి అత్తగారింట్లో. ల్యాప్‌టాపును మళ్లీ అదే చీరలో చుట్టి తీసుకుపోయింది.