పుట్టింటి దారిలో తప్పిపోతున్న తొలిచూలు

ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 45 మంది తల్లులు మరణిస్తున్నారని 2018–20 నమూనా నమోదు వ్యవస్థ అంచనా వేసింది. దేశ సగటు అప్పుడు 97. పాలకులకు ఇది తృప్తినిచ్చే అంకె. అయితే ఆ 45 మందిలో మాలపల్లెల వారెందరు, మాదిగపల్లెల వారెందరు, దివిసీమ యానాదులెందరు? ఆ నివేదికలో కులాలవారీ లెక్క ఉండదు.

తల్లుల ప్రాణాలు తీసే ప్రధాన కారణాల్లో గర్భిణుల రక్తపోటు ఒకటి. దాని ముదిరిన రూపాన్నే మన పెద్దలు గుర్రపువాతం అన్నారు. తొలిచూలు స్త్రీలకు ఈ ముప్పు ఎక్కువ. సాధారణంగా 20 వారాలు దాటాకే బయటపడుతుంది. రక్తపోటు 140/90కి చేరుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, ముఖం, చేతులు ఉబ్బుతాయి. కడుపుతో ఉన్న పిల్లకు నీరు పట్టడం మామూలేనని ఇంట్లో సరిపెట్టుకుంటారు. తలనొప్పి మొదలై కళ్లు మసకబారాక ఫిట్స్‌కు ఎంతో వ్యవధి ఉండకపోవచ్చు.

తొలి కాన్పు పుట్టింట జరగాలన్నది కృష్ణా డెల్టాలో దాదాపు అన్ని కులాల ఆచారం. ఏడో నెలలో తీసుకెళతారు. సరిగ్గా జబ్బు తలెత్తే ఆ వేళకు అమ్మాయి అత్తగారి ఊరి ఏఎన్ఎం జాబితా నుంచి జారిపోతుంది, పుట్టింటి ఊరి జాబితాలోకి ఇంకా చేరదు. ఉన్నవారింటి పిల్లకు విజయవాడలో సొంత డాక్టరు ఉంటుంది. ఫైలూ వెంట నడుస్తుంది. కూలి ఇంటి పిల్లకు చేతిలోని కార్డే దిక్కు. పుట్టింట కూడా నాట్లకు వంగక తప్పని వారున్నారు.

2016 నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. మంచి పనే. నాట్ల కాలంలో ఆ 9వ తేదీ ఒక రోజు కూలిని మింగుతుంది. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి ఉద్యోగినులకు 26 వారాల వేతన సెలవు ఇచ్చారు. పొలంలో వంగే దళిత స్త్రీకి తొలి కాన్పుకు దక్కేది మాతృ వందన యోజన కింద రూ.5,000. 2013 ఆహార భద్రతా చట్టం చెప్పిందేమో రూ.6,000కు తగ్గరాదని! జననీ సురక్ష సొమ్ముతో కలిపితే సరిపోతుందన్నది కేంద్రం వాదన.

మందు కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. మెగ్నీషియం సల్ఫేట్ ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాల్లో సాగిన ప్రయోగం 2002లోనే తేల్చింది. నాగాయలంక నుంచి విజయవాడ పెద్దాసుపత్రికి పంపే ముందే తొలి మోతాదు పడాలి.

రెండు పనులకు కొత్త చట్టం అక్కరలేదు. ఆరో నెలలోనే కార్డుపై పుట్టింటి ఊరు రాసి, అక్కడి ఏఎన్ఎంకు ఫోన్ చేయడం ఒకటి. తల్లుల మరణాల సమీక్షలను, పేర్లు లేకుండా, కులాలవారీగా ఏటా ప్రచురించడం రెండోది. రాబోయే జనగణనలో కులాన్ని నమోదు చేయాలని కేంద్రమే నిర్ణయించింది. తల్లుల మరణాల లెక్కలో దాన్ని ఎందుకు వదిలేయాలో కూడా ప్రభుత్వాలే చెప్పాలి.