మార్జిన్‌లో మనం రాస్తున్నదేమిటి?

మా జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు విద్యార్థుల ప్రాజెక్టులు చూసి అభిప్రాయం చెప్పడానికి నన్ను ఏటా పిలుస్తారు. మహిళా సంఘంలో పనిచేస్తున్నందుకూ, ఆ కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీలో బయటి సభ్యురాలిని అయినందుకూ ఆ పిలుపు. రెండేళ్ళ క్రితం వాళ్ళు ఇచ్చిన అంశం "మా క్యాంపస్ సమస్యలు". బి.ఎ. చివరి సంవత్సరం చదువుతున్న ముగ్గురమ్మాయిలు తమ హాస్టల్ గురించి రాసిన నివేదిక చిత్తుప్రతి నా చేతికొచ్చింది. చదివి, ఎర్ర పెన్నుతో మార్జిన్‌లో నాలుగు మాటలు రాసి ఇచ్చాను. ఆ నాలుగు మాటల వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా తప్పు ఒప్పుకుని ఊరుకోవడమే అయితే పత్రికకు ఎక్కించనక్కర్లేదు. కానీ ఆ మాటలు నా ఒక్కదానివే కావు. సంస్థల్లో, సంఘాల్లో, కాలేజీల్లో మనందరం అలవాటుగా రాస్తున్న మాటలే అవి.

ఆ అమ్మాయిలు చేసిన పని చిన్నదేమీ కాదు. నెలరోజుల పాటు ఒక నోటుపుస్తకం పెట్టుకుని కుళాయిలో నీళ్ళు ఏ వేళకు వస్తున్నాయో, ఏ వేళకు ఆగిపోతున్నాయో రాశారు. ఎన్ని మరుగుదొడ్లకు గొళ్ళేలు ఉన్నాయో లెక్కబెట్టారు. బహిష్టు రోజుల్లో ప్యాడ్లు పారేసే చోటు లేక ఎవరెవరు ఎన్ని అవస్థలు పడుతున్నారో అడిగి తెలుసుకున్నారు. కాలేజీలో మరుగుదొడ్డికి వెళ్ళాల్సి వస్తుందేమోనని పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా కూర్చునే అమ్మాయిల మాటల్ని వాళ్ళ మాటల్లోనే ఉంచారు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మూడు చిన్న వాక్యాల్లో ఉంది. లైబ్రరీ రాత్రి 8 గంటల దాకా తెరిచి ఉంటుంది. అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రం 6 గంటలకే మూస్తారు. అబ్బాయిల హాస్టల్‌కు గేటు టైమే లేదు. అంటే ఫీజు ఒకటే, లైబ్రరీ ఒకటే. రోజుకు రెండు గంటల చదువు మాత్రం అమ్మాయిలకు లేదు.

దాని మీద నేను రాసిన నాలుగు మాటలు ఇవి: "భాష ఆవేశంగా ఉంది", "శాంపిల్ చిన్నది", "రెండో పక్షం అభిప్రాయం కూడా తీసుకోవాలి", "పరిష్కారాలు సూచించండి".

వాళ్ళు బుద్ధిగా నా మాట విన్నారు. రెండో పక్షం అంటే వార్డెన్ గదా, నివేదిక పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్ళారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఇవన్నీ ఎవరు చెప్పారు?" అని. నివేదికలో ఎవరి పేరూ లేదు. కానీ ఒకచోట "బోటనీ రెండో సంవత్సరం చదువుతున్న ఆదివాసీ విద్యార్థిని" అని ఉంది. ఆ హాస్టల్లో బోటనీ రెండో సంవత్సరం చదివే ఆదివాసీ అమ్మాయి ఒక్కతే. ఇక పేరెందుకు? ఆ సాయంత్రమే ఊళ్ళో వాళ్ళ నాన్నకు ఫోను వెళ్ళింది. "మీ అమ్మాయి హాస్టల్ పరువు తీస్తోంది, చూసుకోండి" అని. ఆయన మర్నాడే వచ్చి తీసుకుపోయాడు. పది రోజుల తర్వాత ఆమె తిరిగొచ్చింది గానీ హాస్టల్‌కు రాలేదు. ఆ ఏడాదంతా బంధువుల ఇంట్లో ఉండి, రెండు బస్సులు మారి కాలేజీకి వచ్చింది.

మిగతా ముగ్గురికీ భయం పట్టుకుంది. చివరికి వాళ్ళు ఇచ్చిన నివేదికలో గేటు సంగతి లేదు, గొళ్ళేల లెక్క లేదు. పరిష్కారాల అధ్యాయం మాత్రం కొత్తగా చేరింది. అందులో మొదటిది, విద్యార్థినులు సమయపాలన పాటించాలి. రెండోది, నీటిని పొదుపుగా వాడుకోవాలి. ఆ నివేదికకు మంచి మార్కులు పడ్డాయి. వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఫోను సంగతి అప్పటికి నాకు తెలియదు. తర్వాత ఆ ముగ్గురిలో ఒకమ్మాయి మా ఆఫీసుకు వచ్చి చెప్పింది. "రెండో పక్షాన్ని అడగమన్నారు గదా మేడమ్. మా అవుట్‌పాస్ మీద సంతకం పెట్టేది ఆ పక్షమే. మీకా సంగతి తెలియదా?" అంది. తెలుసు. తెలిసే రాశాను. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది.

ఇది ఒక్క కాలేజీ గొడవ కాదు. తెలంగాణలో డిగ్రీ విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులకు "జిజ్ఞాస" పేరుతో పోటీలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ చదువులో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును భాగం చేశారు. పిల్లలు సర్వేలు చేస్తున్నారు, నివేదికలు రాస్తున్నారు. వాటిమీద మాట్లాడమని మనలాంటి వాళ్ళను పిలుస్తున్నారు. ఊరి సమస్య మీద రాసినంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. తన కాలేజీ మీద, తన హాస్టల్ మీద రాసినప్పుడే మనకు హఠాత్తుగా పరిశోధనా పద్ధతులు గుర్తుకొస్తాయి. ఎందుకని?

ఒక్కొక్క మాటా తీసుకుందాం. భాష ఆవేశంగా ఉందట! గొళ్ళెం లేని తలుపును ఒక చేత్తో పట్టుకుని కూర్చోవలసి వచ్చిన పిల్ల ఏ భాషలో రాయాలి? 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న బతుకుకథలు అవి. ఆ కోపాన్నీ, ఆ దుఃఖాన్నీ తీసేసి ముద్రించి ఉంటే అందులో ఏం మిగిలేది? ఆ పుస్తకాన్ని సభల్లో తల మీద పెట్టుకుంటాం. ఇంటికొచ్చి పంతొమ్మిదేళ్ళ పిల్ల రాసిన కాగితం మీద "ఆవేశం" అని ఎర్రగీత గీస్తాం. ఇది రెండు నాలుకల ధోరణి కాదా?

శాంపిల్ చిన్నదట. కొన్ని సంగతులకు శాంపిల్ కావాలి, నిజమే. హాస్టల్ పిల్లల్లో ఎంతమందికి భోజనం నచ్చలేదని చెప్పాలంటే ఎక్కువమందిని అడగాలి. కానీ గేటు 6 గంటలకు మూస్తారన్నది ఎవరి అభిప్రాయమూ కాదు. అది బోర్డు మీద రాసిన నియమం. తలుపుకు గొళ్ళెం లేదనడానికి వందమంది సాక్ష్యం అక్కర్లేదు, ఒక తలుపు చాలు. ఈ తేడా నేను ఆ పిల్లలకు చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా, ఎవరి మీదైనా రాయగలిగే ఒక మాట రాసి పారేశాను.

ఇక రెండో పక్షం. యాజమాన్యం, విద్యార్థిని ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్న సమానులైనట్టు మనం మాట్లాడతాం. ఒకరి చేతిలో అవుట్‌పాస్, ఇంటర్నల్ మార్కులు, తల్లిదండ్రుల ఫోను నంబరు ఉన్నాయి. ఇంకొకరి చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. అయినా యాజమాన్యం తన పక్షం చెప్పకుండా ఎప్పుడున్నది? నియమాల బోర్డు దాని మాటే. అవుట్‌పాస్ రిజిస్టరు, ప్రాస్పెక్టస్, మరమ్మతుల బిల్లులు దాని మాటలే. ఆ కాగితాలు చూడండని చెప్పవలసిన నేను, వెళ్ళి ఆమె ముందు నిలబడండని చెప్పాను.

పరిష్కారాల సంగతి మరీ ఘోరం. గేటు వేసింది పిల్లలు కాదు. ట్యాంకు కట్టించనిది పిల్లలు కాదు. పరిష్కారం మాత్రం పిల్లలే రాయాలి. యాజమాన్యం నొచ్చుకోకుండా రాయాలంటే వాళ్ళకు మిగిలే దారి ఒక్కటే, తప్పును తమ మీదే వేసుకోవడం. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడదాన్ని "నువ్వే కాస్త సర్దుకుపోవాలి" అనే పెద్దమనుషులతో మనం ఏళ్ళ తరబడి పోట్లాడుతున్నాం. ప్రాజెక్టు నివేదికలో ఐదో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి ఆ పెద్దమనిషి పాత్ర మనమే పోషిస్తున్నాం.

ఇంతకూ ఆ పిల్లలు కొత్తగా కోరిందేమీ లేదు. రాజస్థాన్‌లో బాల్య వివాహాలను అడ్డుకున్నందుకు 1992లో భన్వరీదేవిపై జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకు వెళితే, 1997లో విశాఖ తీర్పు వచ్చింది. 2013లో చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయాల, కాలేజీల కోసం యు.జి.సి. 2015 నిబంధనలు వచ్చాయి. విద్యార్థినుల భద్రత పేరు చెప్పి, అబ్బాయిలకు లేని వివక్షాపూరిత నియమాలను వాళ్ళ హాస్టళ్ళలో పెట్టకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. భద్రత పేరుతో వాళ్ళ కదలికలను కట్టడి చేయకూడదనీ ఉంది. ఢిల్లీ అమ్మాయిలు అదే 2015లో "పింజ్రా తోడ్" అంటూ హాస్టల్ గేట్ల మీద ఉద్యమం నడిపారు. మా పిల్లలకు ఈ నిబంధన తెలియదు. అయినా తమ నోటుపుస్తకంతో సరిగ్గా దాని దగ్గరికే వచ్చారు. నాకు తెలుసు. మార్జిన్‌లో నేను రాయవలసిన ఒకే ఒక్క మాట అది. అదే రాయలేదు.

అయితే పిల్లలు ఏం రాసినా మెచ్చుకోవాలా అని కొందరు అడుగుతారు. నేను అనేది అది కాదు. "చాలా బాగుందమ్మా" అని భుజం తట్టి పంపడం ఇంకో రకం ద్రోహం. బలహీనంగా ఉన్న నివేదికను యాజమాన్యం ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తుంది. "ఎప్పుడూ నీళ్ళు రావు" అని రాస్తే, "నిన్న వచ్చాయిగా" అంటారు. అందుకే గట్టిగా అడగాలి. ఏ తేదీన, ఏ వేళకు, ఎన్ని రోజులు అని అడగాలి. మన వ్యాఖ్య నివేదికను ఎవరూ కాదనలేనట్టు బిగించాలి. వినడానికి ఇంపుగా ఉండేట్టు మెత్తబరచకూడదు.

ఆ తర్వాత నేను నాకు కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మీరూ ఆలోచించండి.

పద్ధతి గురించి మాట్లాడేముందు మనిషి గురించి అడగాలి. ఈ కాగితం వార్డెన్ చేతికి వెళితే ఎవరు దొరికిపోతారు? కులం, కోర్సు, సంవత్సరం మూడూ కలిపి రాస్తే చిన్న హాస్టల్లో అది పేరు రాసినట్టే. దళిత, ఆదివాసీ, ముస్లిం అమ్మాయిలు, వికలాంగులైన అమ్మాయిలు తక్కువమంది ఉంటారు గనుక ముందుగా దొరికేది వాళ్ళే. అలాగని వాళ్ళ అనుభవాన్ని తీసేయమని కాదు. 2007లో తోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్షను, హాస్టల్లో వాళ్ళను వేరుచేసిన తీరుతో సహా నమోదు చేయగలిగింది ఆ విద్యార్థులు మాట్లాడబట్టే. అనుభవం ఉండాలి, మనిషి జాడ ఉండకూడదు. అది ఎలా రాయాలో పక్కన కూర్చుని నేర్పడం మన పని.

యాజమాన్యాన్ని అడగవలసినవి మనం అడగాలి. ప్రభుత్వ కాలేజీ అయితే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ దరఖాస్తు మీద సంతకం సంఘం కార్యకర్తది కావాలి, విద్యార్థినిది కాదు.

ప్రశ్నావళిలో ఎవరైనా లైంగిక వేధింపుల గురించి రాస్తే దాన్ని సమాచారంగా లెక్కగట్టి వదిలేయకూడదు. ప్రశ్నావళి నింపినంత మాత్రాన ఫిర్యాదు చేసినట్టు కాదు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంది, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఫిర్యాదు చేసినవారి వివరాలు బయటపెట్టకూడదు. ఈ సంగతులన్నీ ప్రశ్నావళి చేతికిచ్చే ముందే ఆ పిల్లలకు చెప్పాలి. విద్యార్థులకు సంబంధించిన విషయమైతే కమిటీలో ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు, అదీ ఎన్నికైనవాళ్ళు, ఉండాలని 2015 నిబంధనలు చెబుతున్నాయి. మీరు సభ్యులుగా ఉన్న కమిటీలో ఉన్నారా? ముందు అది చూసుకోండి.

చివరి అధ్యాయంలో సూచనలు అధికారం ఉన్నవాళ్ళకే ఉండాలి. "విద్యార్థినులు" అన్న మాటతో మొదలయ్యే సూచన కనిపిస్తే నేనిప్పుడు అక్కడ "ఇది ఎవరి పని?" అని రాస్తున్నాను.

మార్కులు వేసి నివేదికను బీరువాలో పెట్టడానికి ఒప్పుకోకూడదు. ఫలానా తేదీలోగా ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా జవాబు ఇస్తేనే ప్యానెల్లో కూర్చుంటామని ముందే చెప్పాలి. పిలవడం మానేస్తారని భయమా? మానేస్తే మానేయనివ్వండి. మన సంఘం పేరు అటెండెన్సు కోసం వాడుకునే చోట మనం కూర్చుని చేసేదేమిటి?

ఆ బోటనీ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసింది. ఆమెను కలిసి క్షమించమని అడిగాను. "నన్ను ఏ పేజీలో రాశారో నాకు ఎవరూ చూపించలేదు మేడమ్. చూపిస్తే ఆ మాట తీసేయమనేదాన్ని" అంది. అంతే. ఇచ్చేముందు ఆమె మాట ఆమెకు ఒకసారి చదివి వినిపించాలన్నది మాలో ఎవరికీ తట్టలేదు. గేటు ఇప్పటికీ 6 గంటలకే మూస్తున్నారు. ఈ ఏడాది ప్రాజెక్టులకు పిలుపు వచ్చింది. 2015 నిబంధనల ప్రతి పట్టుకుని వెళుతున్నాను. మీ జిల్లాలో మీకూ పిలుపు వస్తుంది. ఎర్ర పెన్ను పట్టుకునే ముందు, ఆ కాగితం రాసిన పిల్ల రాత్రికి ఎవరి తాళం కింద పడుకుంటుందో అడిగి తెలుసుకోండి.